లీలాకుమారి స్కూటరుకు దీవెన

ఆ ఊదారంగు బోల్టులు చూస్తేనే యెహెజ్కేలుకు ఒళ్ళు మండేది.

కొన్నప్పుడు స్కూటరుకు మామూలు బోల్టులే ఉన్నాయి. వాటిని విప్పించి, ఎండ తగిలితే తళతళలాడే ఈ ఊదారంగువి వేయించింది ఆయన భార్య లీలాకుమారి. యాభైకి దగ్గర పడుతున్న మనిషి. ఆసుపత్రిలో సీనియర్ నర్సు, చర్చి సంఘంలో స్త్రీల కూడికకు పెద్ద. ఈ సరదా అంటించింది ఆమె వార్డులోనే పనిచేసే ఫిలిప్పీన్స్ నర్సు మారిసెల్. మొదట మారిసెల్ వెనకాల కూర్చుని డ్యూటీకి వెళ్ళింది. తరవాత ఖాళీ జాగాలో నేర్చుకుంది. ఆ తరవాత లైసెన్సు తెచ్చుకుంది. ఇప్పుడు మారిసెల్ వాళ్ళ స్కూటర్ క్లబ్బులో చేరి, వీపు మీద 'ఆటే లీలా' అని అచ్చేసిన చొక్కా తొడుక్కుంటోంది. ఆటే అంటే వాళ్ళ భాషలో అక్క అట.

"చొక్కా మీద పేరెందుకు? నువ్వేవన్నా క్రికెట్ ఆడతావా?" అన్నాడు ఆయన.

"ముందు వెళ్ళేది ఎవరో వెనకాలవాళ్ళకి తెలియాలి కదండీ."

"తెలిసి ఏం చేస్తారు?"

"పడిపోతే పేరు పెట్టి పిలుస్తారు."

ఆ జవాబుతో ఆయనకు అన్నం సహించలేదు.

ఉద్యోగాల కోసం వచ్చిన ఈ ఎడారి దేశంలో, అల్ హైల్‌లో వాళ్ళుండే వీధి చివర, దుకాణాల వెనక ఖాళీ స్థలంలో ఆ క్లబ్బువాళ్ళు సెలవురోజైన శుక్రవారం తెల్లవారుతూనే పోగవుతారు. ఏసీ మెకానిక్కులు, నర్సులు, బట్టల షాపు అమ్మాయిలు, వంటవాళ్ళు. ఒకరు ముందు వెళ్తారు. ఒకరు అందరికంటే వెనక వస్తారు. ఆ వెనకాయన ఎంత ఆలస్యమైనా ఎవరినీ దాటకూడదు. ఖురియాత్ దాకా వెళ్ళి, సముద్రం ఒడ్డున చేపలు కాల్చుకు తిని, ఎండ ముదరకముందే తిరిగొస్తారు. దారిలో కొండ కనబడితే ఫోటో, ఒంటె కనబడితే ఫోటో, పెట్రోలు బంకు కనబడినా ఫోటో. డబ్బు పోసి పెట్రోలు కొని, ఊరికే వెళ్ళి ఊరికే రావడం ఏమిటో యెహెజ్కేలుకు బోధపడలేదు.

ఆయన చెప్పిన అభ్యంతరాలన్నీ ఒక్కొక్కటిగా రాలిపోయాయి. ఆ రోజే చర్చిలో ఆరాధన ఉంది కదా అంటే, అది సాయంత్రం కదా అంది. సంఘంలో ఏమనుకుంటారు అంటే, పాస్టరమ్మగారు తనను కూడా ఒక రౌండు తిప్పమన్నారని చెప్పింది. ఆఖరికి కాకినాడలో చదువుతున్న కూతురు సెలిన్‌కు వీడియో కాల్ చేసి మొరపెట్టుకున్నాడు. అది తల్లి హెల్మెట్ చూసి, "నాన్నా, అమ్మకి భలే ఉంది, మీరూ ఒకటి కొనుక్కోండి" అని నవ్వింది.

చెప్పని అభ్యంతరం ఒకటుంది. ఆయన కాంట్రాక్టు కంపెనీలో స్టోరు కీపరు. ఖురియాత్ సైటుకు సామాను వేసుకుని ఏళ్ళ తరబడి పికప్ నడిపాడు. ఆ కొండ దిగుళ్ళలో కంకర లారీలు ఎలా దూసుకొస్తాయో ఆయనకు తెలుసు. ఆ మాట నోటితో అంటే ఎక్కడ నిజమవుతుందోనని భయం. అలా భయపడటం విశ్వాసికి తగదని మళ్ళీ సిగ్గు. ఈ రెండింటి మధ్యా ఆయన బోల్టుల మీద విసుక్కునేవాడు.

అయితే ఆ క్లబ్బులో ఒక ఆచారం ఉంది. కొత్త బండి ఏదైనా సరే, దీవెన జరగందే దూరప్రయాణానికి రానివ్వరు. వాళ్ళ ఫాదర్ వచ్చి, రెండు మాటలు చెప్పి, పవిత్ర జలం చిలకరించి వెళ్తాడు. ఈ సంగతి విన్నప్పుడు యెహెజ్కేలు తేలిగ్గా నవ్వాడు. "ఇనుముకు దీవెనేంటి? దాని ఆత్మ పరలోకానికి వెళ్తుందా?" సంఘపెద్దగా చర్చిలో చేసే వాక్యపరిచర్యలో కూడా ఇదే మాట అన్నాడు. అంతకుముందు, స్కూటర్ వచ్చిన రోజున కింది వాటాలో ఉండే నిజామాబాద్ లచ్చన్న నిమ్మకాయలు పట్టుకొచ్చి, "అక్కా, టైర్ల కింద వెట్టి తొక్కియ్యి" అంటే ఈయనే అడ్డుపడ్డాడు. "మేం అలాంటివి చెయ్యం లచ్చన్నా" అంటే లచ్చన్న, "గిది మతం ముచ్చట గాదే, టైర్ల ముచ్చట" అని నిమ్మకాయలు జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ శుక్రవారం లీలాకుమారి మొదటి దూరప్రయాణం. సాగనంపడానికని యెహెజ్కేలు కూడా వెళ్ళాడు. ఎక్కడో ఏదో అడ్డు రాకపోతుందా అన్న ఆశతో వెళ్ళాడని ఆయనకు లోపల తెలుసు.

స్కూటర్లన్నీ వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఎర్రవి, పచ్చవి, రంగురంగుల స్టిక్కర్లు అంటించినవి. ఫ్లాస్కుల్లో కాఫీ, సంచుల్లో మెత్తటి బన్నులు. క్లబ్బు పెద్ద రోడెల్, బొజ్జ మీదికి ఈల వేలాడేసుకుని, ఒక్కో బండి టైరునూ బూటుతో నొక్కి చూస్తున్నాడు. అందరూ ఫాదర్ కోసం ఎదురుచూస్తున్నారు.

కాసేపటికి రోడెల్ ఫోన్ మోగింది. మాట్లాడి వచ్చి, ఫాదర్‌కు జ్వరమని చెప్పాడు.

"స్తోత్రం" అన్నాడు యెహెజ్కేలు మనసులో. పాపం ఒకాయన జ్వరానికి స్తోత్రం చెప్పినందుకు మరుక్షణమే క్షమాపణ కూడా వేడుకున్నాడు.

"వచ్చే వారం వెళ్దాంలే ఆటే" అంటూ మారిసెల్ వచ్చి లీలాకుమారి భుజం పట్టుకుంది.

లీలాకుమారి ఒక్కో వేలే లాగుతూ గ్లోవ్సు తీసింది. వాటిని మడిచి సీటు కింద పెట్టింది. ఆమె ఏడ్చినా, దెబ్బలాడినా ఆయన ఏదో ఒకటి అనగలిగేవాడు. వార్డులో పేషెంటు పరుపు సర్దినంత నెమ్మదిగా ఆమె ఆ గ్లోవ్సు సర్దింది.

అప్పుడు రోడెల్ చూపు ఈయన మీద పడింది.

"కూయా, మీరు మీ చర్చిలో పెద్ద కదా? మీరు చెయ్యండి" అన్నాడు ఇంగ్లీషులో. కూయా అంటే అన్న.

"నేను ఫాదర్ని కాదు."

"ఫర్వాలేదు. ప్రార్థన వచ్చు కదా?"

ఇరవై ఏళ్ళ సంఘపెద్దను పట్టుకుని ప్రార్థన వచ్చా అని అడుగుతున్నాడు. యెహెజ్కేలు గొంతు సవరించుకున్నాడు.

"మేము బండ్లకు ప్రార్థన చెయ్యం. అది మా పద్ధతి కాదు."

"బండికి వద్దు కూయా. దాని మీద కూర్చునే మనిషికి చెయ్యండి."

చుట్టూ ఉన్నవాళ్ళు కాఫీ కప్పులు పట్టుకుని ఆయన వైపే చూస్తున్నారు. లీలాకుమారి మాత్రం చూడలేదు. భార్య క్షేమం కోసం ప్రార్థన చెయ్యమంటే చెయ్యననే సంఘపెద్ద ఏ సంఘంలో ఉంటాడు? చేస్తే ఆమె వెళ్ళిపోతుంది. దేవుడు ఒక తలుపు మూసి, తాళంచెవి తెచ్చి తన చేతిలోనే ఎందుకు పెట్టాడో యెహెజ్కేలుకు అర్థం కాలేదు.

"తెలుగులోనే చేస్తాను. ఇంగ్లీషులో నాకు ప్రార్థన రాదు" అన్నాడు విసురుగా.

"దేవుడికి తెలుగు వస్తుందిగా. రెండే నిమిషాలు కూయా" అని రోడెల్ టోపీ తీశాడు.

రెండు నిమిషాలట. సంఘంలో యెహెజ్కేలు కానుకల ప్రార్థనకు లేస్తే తల్లులు పసిపిల్లలకు పాలు పట్టి నిద్రపుచ్చేవారు.

ఆయనా తన టోపీ తీసి కళ్ళు మూసుకున్నాడు. "పరిశుద్ధుడవైన తండ్రీ" అని మొదలుపెట్టాడు. సృష్టి చేసినందుకు, నిన్నటి దినాన్ని దాటించినందుకు, ఈ ఉదయం చూపించినందుకు వందనాలు చెప్పాడు. అక్కడ ఊపిరి తీసుకునేసరికి, అయిపోయిందనుకుని అందరూ "ఆమెన్" అన్నారు. నాలుగైదు ఇంజన్లు స్టార్టయ్యాయి.

"ఇంకను ప్రభువా" అన్నాడు యెహెజ్కేలు.

ఇంజన్లు ఆగాయి.

బ్రేకులను జ్ఞాపకం చేసుకోమన్నాడు. టైర్లను జ్ఞాపకం చేసుకోమన్నాడు. ఎదురొచ్చే లారీల డ్రైవర్లకు నిద్ర రానివ్వొద్దన్నాడు. రోడ్డు మీదికి వచ్చే ఒంటెలకు అటు నుంచి అటే దారి చూపమన్నాడు. మేకల సంగతి కూడా చెప్పాడు. ఖురియాత్ దిగుళ్ళలో మలుపు మలుపుకూ ఒక దూతను నిలబెట్టమని, ఆ మలుపులన్నీ తనకు తెలుసు గనుక వరసగా చెప్పుకొచ్చాడు. మళ్ళీ "ఆమెన్" అన్నారు. మళ్ళీ ఇంజన్లు.

"మరియు తండ్రీ..."

ఎవరో నిట్టూర్చారు. రోడెల్ మారిసెల్ చెవిలో ఏదో అన్నాడు. ఆమె, "నాకేం తెలుసు, వార్డులో ఆటే లీలా ప్రార్థన అర నిమిషమే" అంది. ఎండ వెచ్చగా మెడ మీదికి ఎక్కుతోంది. హెల్మెట్లు పెట్టుకున్నవాళ్ళు తీసేశారు. ఒకతను కింద కూర్చున్నాడు. యెహెజ్కేలు రోగుల కోసం, విధవరాండ్ర కోసం, ఈ దేశాన్ని ఏలుతున్న అధికారుల కోసం, జ్వరంతో ఉన్న ఫాదర్ కోసం ప్రార్థించాడు. ఖబూరాలో ఇల్లు మారుతున్న తోడల్లుడి కుటుంబం కోసం కూడా ప్రార్థించాడు. వాళ్ళకీ స్కూటరుకూ ఏ సంబంధమూ లేదు.

"ఏవండీ" అంది లీలాకుమారి మెల్లిగా. ఆమె పక్కకు వచ్చి నిలబడ్డట్టు తెలిసింది. "అయ్యిందా?"

"మరియు ప్రభువా, నీ దాసురాలు..." అని ఆగిపోయాడు. ఆగితే ఆమెన్ అనాలి. ఆమెన్ అంటే బండి కదులుతుంది. తను దేవుడితో మాట్లాడుతున్నాడా, దేవుణ్ణి అడ్డం పెట్టుకుని భార్యను పట్టుకుని నిలబడ్డాడా? ఆ ప్రశ్న ఆయనకు మూసిన కళ్ళ వెనక, చాలా ఇబ్బందిగా తోచింది.

"మీరు ఎంతసేపు చేసినా నేను భయపడుతూనే వెళ్తానండీ. నాకూ భయమే. కానీ వెళ్తాను" అంది ఆమె, ఆయనకు మాత్రమే వినబడేలా.

"భయమైతే ఎందుకు?" కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"మొదటిసారి సూది పొడిచినప్పుడూ భయమే వేసింది. మీరు ఆమెన్ అనండి. పాపం వాళ్ళందరూ ఎండలో ఉన్నారు."

ఆయన "మా రక్షకుడైన యేసు నామంలో వేడుకుంటున్నాం తండ్రీ" అని గబగబా అనేసి, "ఆమెన్" అన్నాడు.

ఈసారి ఎవరూ కదల్లేదు. రోడెల్ ఒక కన్ను తెరిచి, "నిజంగానా కూయా?" అని అడిగాడు.

"నిజంగానే. పొండి."

ఈల మోగింది. ఇంజన్లన్నీ ఒక్కసారిగా లేచాయి. దీవెన ఇచ్చిన మనిషి ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరూ హారన్ కొట్టడం వాళ్ళ మర్యాద. ముందు రోడెల్, తరవాత మారిసెల్, తరవాత పేరు తెలియని వాళ్ళందరూ కొట్టుకుంటూ పోతున్నారు. చెవులు దిమ్మెక్కిపోతున్నా ఆయన ప్రతివాడికీ తలాడించాల్సి వచ్చింది. చివరికి లీలాకుమారి వచ్చింది. హారన్ కొట్టి, ఎడమ చెయ్యి గాలిలోకి ఎత్తింది.

"రెండు చేతులూ పెట్టు" అని ఆయన కసిరాడు. ఆ మోతలో ఆమెకు వినబడలేదు.

వెనకాయన, ఎవరినీ దాటకూడని మనిషి, ఆమె వెనకే నిదానంగా వెళ్ళాడు. మలుపు తిరిగేదాకా ఆమె చొక్కా మీది పేరు కనబడింది.

యెహెజ్కేలు టోపీ పెట్టుకున్నాడు. నాలుగడుగులు వేసి మళ్ళీ తీశాడు. ఆమెన్ అన్నాక ప్రార్థన అయిపోవాలి. ఎవరికైనా ఆయన చెప్పే మాట అదే.

"ప్రభువా, ఇంకొక్క మాట" అన్నాడు విసుగ్గా, ఖాళీ స్థలం మధ్యలో నిలబడి.