సేవాసదనానికి తోడు

అరవై ఎనిమిదిలో నేను గజపతినగరం దగ్గర పల్లెల్లో గ్రామసేవికను. మహిళామండలిలో కుట్లు నేర్పేదాన్ని. మొగుడు కొడితే పడి ఉండక్కర్లేదనీ, విజయనగరంలో ఆడవాళ్లకు సేవాసదనం ఉందనీ చెప్పేదాన్ని.

ఆ మాట నమ్మి అసిరమ్మ ఒకనాటి పొద్దున్నే మా ఇంటికి వచ్చింది. కూలికి వెళ్లే మనిషి. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది.

"నువ్వు సెప్పినావు గదమ్మా. అక్కడికి తీస్కెళ్లు," అంది.

బస్సెక్కాం. "పడిపోయానని చెప్పకు. కొట్టాడనే చెప్పు. సిగ్గు నీది కాదు," అని దారిలో నేర్పాను. బస్సు కుదుపుకు పై కడ్డీ పట్టుకున్నాను. రవిక చెయ్యి పైకి జరిగింది. మోచేతి పైన కమిలిన వేళ్ల గుర్తులు. గబుక్కున కొంగు కప్పుకున్నాను. అసిరమ్మ చూసింది.

సదనంలో మేట్రన్ నారాయణమ్మగారు వివరాలన్నీ రాసుకుని, ఇంకేమైనా చెప్పాలా అని ఆమెను అడిగారు.

"నాకేటి నేదమ్మా. ఈయమ్మ సెయ్యి సూడండి. ఈయమ్మనీ ఉంచుకోండి," అంది అసిరమ్మ.

మేట్రన్ నా వైపు తిరిగారు.

"నూతి దగ్గర జారి పడ్డానండి," అన్నాను.

అసిరమ్మ తల దించుకుంది. నా బదులు ఆమె సిగ్గుపడుతోందని అర్థమైంది. వస్తానని కూడా చెప్పకుండా బయటికి వచ్చేశాను.

తర్వాత ఇంకో ఇద్దరిని సదనానికి పంపాను. నేను వెళ్లలేదు. మండలిలో చురుకైన మనిషి దానమ్మను తోడిచ్చాను. రెండోసారి వెళ్లొచ్చిన దానమ్మ మా అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పింది.

"అసిరమ్మ బాగున్నాదమ్మా. నేత నేర్సుకుంతంది. మీరెప్పుడొస్తారని అడిగినాది. మేట్రనమ్మ కూడా అడిగినారు."

లోపల పేపరు చదువుతున్న మా ఆయన నరసింగరావు తల ఎత్తాడు. బడిపంతులు. ఊళ్లో మంచి పేరు.

"ఎక్కడికి నువ్వు వెళ్లేది?"

"మీటింగుకి లెండి," అన్నాను. రవిక చెయ్యి కిందికి లాక్కున్నాను.

దానమ్మ ఆయన్నీ నన్నూ చూసి, మెల్లగా లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాత మండలిలో సదనం సంగతి తనే చెప్పేది. ఆ మాట వచ్చినప్పుడల్లా నేను నేల చూపులు చూస్తూ కూర్చునేదాన్ని.