ఎడమ పక్క స్టూలు

మా ఆయన మీటర్లు బాగుచేస్తారని విని, కరెంటు బిల్లు తగ్గించి పెట్టమని వచ్చినవాళ్ళు మా వీధిలో సగం మంది. ఆ మీటర్లు కావమ్మా తల్లీ అని గుమ్మంలోనే చెప్పి పంపేదాన్ని. ఆయన చేసేవి వేరు. తీగలో కరెంటు ఎంత జోరుగా ఉందో కొలిచే పాత పెట్టెలు. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నవేమో, అంతే. లోపల బల్బుల్లాంటి గాజు వాల్వులు, ముందు గాజు వెనక తెల్లటి స్కేలు, దాని మీద వెంట్రుకంత ముల్లు. కాలేజీలవాళ్ళు, పాత రేడియోల పిచ్చివాళ్ళు తెచ్చి ఇచ్చేవారు. ఆయన విప్పి, దుమ్ము దులిపి, పాడైన ముక్కలు మార్చి, ఆఖరున ముల్లు నిజం చెప్పేలా సరిదిద్దేవారు. ముక్కలు ఎవడైనా మారుస్తాడు, ముల్లు చేత నిజం చెప్పించడమే పని అనేవారు.

దానికి మా ఇంట్లో ఒక పెద్దాయన ఉన్నాడు. అంటే మనిషి కాదు, నల్ల చెక్కపెట్టెలో ఉండే మీటరు. దాని మాటే మాట. పెద్దాయన నూరు అన్నప్పుడు పక్కన పెట్టిన పెట్టె కూడా నూరు అనాలి. అనకపోతే దాని వెనక చిన్న మర ఉంటుంది, అనేదాకా అది తిప్పాలి. ఇంతే. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు, వాడు ఆ పెట్టెని తుడిచినంత శ్రద్ధగా నా కాళ్ళు ఎప్పుడైనా పట్టాడా అని నా దగ్గర వాపోయేది. మా ఇద్దరి కాళ్ళూ పట్టలేదని నేను నవ్వేదాన్ని.

నేను మూడో తరగతితో ఆపేశాను. అయినా అంకెలు వచ్చు, గీతలు లెక్కపెట్టడం వచ్చు. పెద్దాయన స్కేలు కింద సన్నగా ఒక అద్దం పట్టీ ఉంటుంది. అదెందుకో ఆయన పెళ్ళయిన నెలకే చెప్పారు. ఒక కన్ను మూసి, తల అటూ ఇటూ జరుపుతూ చూడాలి. అద్దంలో కనిపించే ముల్లు అసలు ముల్లు వెనక దాక్కుందా, నువ్వు నేరుగా చూస్తున్నట్టు. దాక్కోలేదా, పక్కనుంచి చూస్తున్నట్టు, అప్పుడు ముల్లు పక్క గీత మీదికి జరిగినట్టు అనిపిస్తుంది. నాకది ఆటలా ఉండేది. ముల్లు దాక్కున్నాక అద్దంలో నా కన్నే నాకు కనిపించేది.

ఆయన చనిపోవడానికి రెండేళ్ళ ముందు చూపు పోవడం మొదలైంది. వెనక నరం ఎండిపోతోంది, ఆపరేషన్ లేదు అన్నాడు కళ్ళ డాక్టరు. చేతులు మాత్రం బంగారంలా ఉన్నాయి. తడిమి చూసి ఏ ముక్క ఎక్కడుందో చెప్పేవారు, అతుకులు కూడా వేలి కొసతోనే చూసుకునేవారు. ముల్లు మాత్రం వేలికి అందదు కదా, గాజు వెనక ఉంటుంది.

"ఎవరికీ చెప్పకు. కళ్ళు కనపడనివాడికి కొలిచే పని ఎవరిస్తారు?" అన్నారు.

నేను చెప్పలేదు. పిల్లలు లేరు, చెప్పుకోవడానికి అత్తగారూ అప్పటికి లేరు.

ముల్లు చదివే పని నేను తీసుకున్నాను. మొదటి రోజు దాన్ని చూడ్డానికి ఆయన్ని లేవమన్నాను, పెద్దాయన సరిగ్గా ఆ కుర్చీ ఎదురుగా బిగించి ఉంటాడు గనక. ఆయన లేచి గోడ పట్టుకుని నిలబడ్డారు. ఎవరింటికో వచ్చి, కూర్చోమంటారేమో అని చూస్తున్న మనిషిలా నిలబడ్డారు. ముప్ఫై ఎనిమిదేళ్ళు కూర్చున్న కుర్చీ అది. ఆ సాయంత్రం కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు కెలికి లేచిపోయారు. నన్నో మాట అని ఉంటే బాగుండేది.

మర్నాడు వంటింట్లోంచి పొట్టి స్టూలు తెచ్చి ఆయన ఎడమ పక్క వేసుకున్నాను. బాగుచేసే పెట్టె నా ముందు, పెద్దాయన ఆయన ముందు. నేను మెడ చాచి చదివేదాన్ని, ఆయన మర తిప్పేవారు.

"నేరుగా చూస్తున్నావా? ముల్లు దాక్కుందా?" అని అడిగేవారు.

దాక్కుందండీ అనేదాన్ని. దాక్కోలేదు. అద్దంలో ముల్లు పక్కనే దారప్పోగంత ఎడంగా కనబడుతూనే ఉండేది. ఆ కాస్తకి ఏమవుతుందిలే అనుకున్నాను. రెండేళ్ళు రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. నూరు అనేదాన్ని, ఊఁ అనేవారు. పెట్టె వేడెక్కడానికి అరగంట పడుతుంది, ఆ అరగంటా ఇద్దరం పక్కపక్కన ఊరికే కూర్చునేవాళ్ళం. నిజం చెప్పొద్దూ, ఆయనతో నేను అంతసేపు కూర్చున్నది ఆ రెండేళ్ళే.

ఆయన పోయిన ఎనిమిది నెలలకి కాలేజీ లెక్చరరు వచ్చాడు. ముందు నుంచీ ఆయన్ని బాబాయిగారు, నన్ను పిన్నిగారు అనేవాడు. వచ్చి, గ్లాసుడు నీళ్ళు తాగి, ఆ గ్లాసు చేతిలోనే తిప్పుతూ కూర్చున్నాడు. కడుపులో మాట ఉన్నవాడు గ్లాసు కింద పెట్టడు. చివరికి చెప్పాడు. ఆఖరి రెండేళ్ళలో బాబాయిగారు చేసిచ్చిన పెట్టెలన్నీ కాస్త ఎక్కువ చూపిస్తున్నాయట. కాలేజీలో కొత్త మీటర్లతో పోల్చి చూస్తే బయటపడిందట. బాబాయిగారి చీటీ ఉంటే మళ్ళీ చూడక్కర్లేదని నమ్మేవాళ్ళం పిన్నిగారూ అన్నాడు. నమ్మేవాళ్ళం అన్న మాట నా చెవిలో ఉండిపోయింది.

ప్రతి పెట్టె లోపలా ఆయన ఒక కాగితం ముక్క అతికించేవారు, తేదీ, కింద సంతకం. చూపు పోయాక కూడా సంతకం అలవాటు మీద వంకర పోకుండా పెట్టేవారు.

పెద్దాయనే ముసలాడై తప్పు చెబుతున్నాడేమో, పరీక్ష చేయిస్తే తేలిపోతుంది అన్నాడు లెక్చరరు. నాకు ప్రాణం లేచొచ్చింది. తప్పు పెట్టెదైతే ఎవరికీ మచ్చ లేదు. పెద్దాయన్ని దుప్పటిలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, లెక్చరరు కారులో కొలతల లేబరేటరీకి వెళ్ళాను. గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులూ అడ్డం పెట్టాను. చంటిపిల్లని కూడా అంత జాగ్రత్తగా ఎవరూ తీసుకెళ్ళరు.

ఆ గది చలిగా, చప్పుడు లేకుండా ఉంది. అక్కడి ఆఫీసరమ్మ, చెవుల దగ్గర నెరిసిన జుట్టు, మాట తక్కువ మనిషి. రెండు రోజులు ఉంచుకుని మూడో రోజు రమ్మంది. వెళితే, మీ మీటరు ముత్యంలా ఉంది, వెంట్రుకవాసి తేడా లేదు అంది. నాకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. పెద్దాయన నిజం చెబితే, మా ఆయన తప్పు చేసినట్టేగా.

లెక్చరరు పోల్చి చూడ్డానికి కాలేజీ నుంచి తెచ్చిచ్చిన మూడు పెట్టెల వైపు ఆవిడ చూపించింది.

"వింత ఏంటంటే, మూడింటిలోనూ తేడా ఒక్కటే. అర గీత. వెనకా ముందూ కాదు, సరిగ్గా అంతే. పని రానివాడి తప్పు ఇలా ఉండదు, రోజుకోలా ఉంటుంది. ఇది ఎవరో రోజూ ఒకే చోట, ఎడమ పక్క కూర్చుని చదివిన తప్పు. అటునుంచి చూస్తే ముల్లు ఎక్కువ వైపు జరిగినట్టుంటుంది."

లెక్చరరు నా వైపు చూడకుండా, పెద్దవయసు కదా, బాబాయిగారు కొంచెం పక్కకి ఒరిగి కూర్చునేవారేమో, అలాగే రాసుకుందాం, వదిలేద్దాం అన్నాడు. మంచివాడే. నాకు దారి ఇస్తున్నాడు. ఊఁ అంటే చాలు, ఆయన కళ్ళ సంగతి ఎవరికీ తెలియదు, నా అబద్ధం సంగతీ తెలియదు. కాకపోతే పని తప్పినవాడుగా ఆయన మిగిలిపోతారు.

"ఆయన ఒరగలేదు. ఆయనకి కళ్ళే కనబడేవి కావు. ఎడమ పక్క కూర్చున్నది నేను. ముల్లు దాక్కుందా అని రోజూ అడిగేవారు. దాక్కుందని నేనే అబద్ధం చెప్పాను," అన్నాను.

ఎందుకలా చెప్పారమ్మా అని ఆఫీసరమ్మ అడిగింది, కోపంగా కాదు. కుర్చీ సంగతి చెబుదామనుకున్నాను. గోడ పట్టుకుని నిలబడ్డ మనిషి గురించి ఆ చలిగదిలో ఏం చెప్పను? ఆయన్ని లేపడం ఇష్టం లేక అన్నాను. ఆవిడ తల ఊపి, తేడా అన్నిటిలో ఒకటే గనక సరిదిద్దడం తేలికే అంది. మీకు వచ్చు కదా అని కూడా అంది.

లెక్చరరు కాలేజీలో ఉన్న ఆ రెండేళ్ళ పెట్టెలు పదకొండూ తెచ్చి మా బల్ల మీద, బల్ల కింద పేర్చి వెళ్ళాడు. ఆ రోజు మొదటిసారి ఆయన కుర్చీలో కూర్చున్నాను. దిండు ఆయన కూర్చున్న చోట లోపలికి పోయి ఉంది, నాకు నప్పలేదు, ముందుకి జరిగి కూర్చున్నాను. మొదటి పెట్టె స్విచ్చి వేశాను. వాల్వులు ఎర్రబడ్డాయి, వేడి దుమ్ము వాసన వచ్చింది. అరగంట ఆగాలి. ఆగాను. స్టూలు ఎడమ పక్కనే ఉంది, తీసి వంటింట్లో పెట్టబుద్ధి కాలేదు.

ఆయన చీటీలు పీకలేదు. ఒక్కోదాని కిందా నేనొక చీటీ అతికించాను. నా అక్షరాలు కోడి కెలికినట్టుంటాయి, అయినా చదవొచ్చు. అప్పుడు ముల్లు చదివింది ఆయన కాదు, నేను, ఎడమ పక్క నుంచి. ఇప్పుడు ఎదురుగా కూర్చుని సరిచేశాను. అంతే రాశాను.

ఒక కన్ను మూసి తల జరిపాను. ముల్లు ముల్లు వెనక దాక్కుంది. అద్దం పట్టీలో నా కన్ను కనబడింది, చుట్టూ ముడతలతో, ఒక్కటే.

"నూరు," అన్నాను పైకే.

ఊఁ అంటారేమోనని కాసేపు ఆగి, మర నేనే తిప్పాను.