రంజాన్ నెలలో కంటి చుక్కలు

నా కుడికన్ను పోవడానికి కారణం తిజానీ. నా భార్య మబ్రూకాకు సొంత తమ్ముడు. ఈ మాట మా ఎడారి ఊరు నెఫ్తా బజారులో ఎవరి ముందైనా అంటాను, వాడి మొహం మీదే అన్నాను కూడా. ఊళ్లో జనం మాత్రం చక్కెర జబ్బు వల్ల పోయిందంటారు. జబ్బు పదకొండేళ్లుగా నాతోనే ఉంది, అది నేను కాదనడం లేదు.

మా తోటల్లో మార్చి వచ్చిందంటే ఖర్జూరపు చెట్లకు పెళ్లి చేయాలి. మగచెట్టు పూత కోసుకుని ఒక్కో ఆడచెట్టూ ఎక్కి, విచ్చుకున్న పూతలో రెండు మూడు రెమ్మలు దోపి, ఆకు పీలికతో కట్టాలి. విచ్చిన నాలుగైదు రోజుల్లో కట్టకపోతే ఆ గెలకు ఆ ఏడు కాయ లేనట్టే. తాడు లేకుండా, ఒట్టి కాళ్లతో ఎక్కుతాం. పదమూడో ఏట నేను బడి మానేసింది ఈ పనికోసమే. కన్ను పోయిన ఏడు రంజాన్ సరిగ్గా ఈ పని రోజుల్లోనే వచ్చింది.

ఒకరోజు పక్క పట్నం తోజర్ నుంచి కంటి పరీక్షల బండి వచ్చి ఆరోగ్య కేంద్రం ముందు ఆగింది. చక్కెర ఉన్నవాళ్లంతా రావాలని మైకులో పిలిచారు. చెట్టు దిగి వెళ్లాను. హాజర్ అనే చిన్న వయసు డాక్టరమ్మ నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది.

"చుక్కలేస్తే కంటిపాప పెద్దదవుతుంది బాబాయ్. అప్పుడు కంటి వెనక పొరని ఫోటో తీస్తాం. గంటలో ఇంటికెళ్లిపోవచ్చు."

"నాకు బాగానే కనిపిస్తోందమ్మా. చెట్టు మీదనుంచి నీ బండి నంబరు చదివి వచ్చాను."

"కనిపిస్తున్నప్పుడే చూడాలి. చక్కెర వల్ల లోపల సన్నటి నాళాలు కారుతుంటాయి. నొప్పి ఉండదు, మంట ఉండదు. తేడా తెలిసి పరిగెత్తుకొచ్చేసరికి నా చేతిలో పెద్దగా ఏమీ మిగలదు."

నేను తల వెనక్కి వాల్చాను. అప్పుడే గుమ్మంలోంచి తిజానీ గొంతు వినపడింది. వాడు ట్రాక్టర్ నడుపుతాడు. డాక్టరమ్మకు నీళ్ల డబ్బాలు దించడానికి వచ్చాడట.

"ఏం బావా, నోరు మూసుకుని కంటితో తాగేస్తున్నావా?"

వరసలో కూర్చున్న ఇరవై మందీ నవ్వారు.

"నవ్వులాట కాదు. చుక్క కంట్లో పడితే చేదు గొంతులో తేలుతుంది. మా నాన్నకి వేసినప్పుడు చూశాగా. ఉపవాసం పోయినట్టే. తెలిసి చెడగొట్టుకున్నందుకు అరవై రోజులు వరసగా ఉండాలి. ఉంటావా మరి, జులై ఎండల్లో?"

"బండిని సాయంత్రం దాకా ఉంచుతారా?" అని అడిగాను.

"మూడింటికి వెళ్లిపోతాం," అంది డాక్టరమ్మ. "మసీదు రెండు వీధులవతలే కదా. ఇమాంని అడిగి రా బాబాయ్. నీకోసం ఆగుతాను."

లేచాను. ఇరవై మంది చూస్తుండగా లేచి, మసీదుకు కాదు, తోటకు వెళ్లాను. ఇమాంను అడిగితే, చక్కెరకు రోజూ సూది పొడుచుకునేవాడివి అసలు ఉపవాసం ఎందుకుంటున్నావని ఆయన అంటాడేమోనని నా భయం. మా వీధిలో ఉపవాసం లేని మగాడు ఇంటి తలుపు మూసుకుని తింటాడు. ఆ పని నావల్ల కాదు. పండగ తర్వాత తోజర్ రమ్మని డాక్టరమ్మ కాగితం మీద రాసి మబ్రూకా చేతికి పంపింది.

పండగ అయింది. పూత కట్టే పని మిగిలే ఉంది. అది అయ్యాక గెలలు పలచన చేయడం, తర్వాత ఎండలు.

"ఏమయ్యా, తోజర్ ఎప్పుడు?" అని మబ్రూకా వారానికోసారి అడిగేది.

"కనపడుతూనే ఉంది కదే."

"అయితే చెట్టెక్కి ఒక్కో కన్నూ మూసుకుని చూస్తావెందుకు? కింద నిలబడినదాన్ని నాకు కనపడదనుకున్నావా?"

నిజమే, చూసేవాణ్ణి. రోజుకు పదిసార్లు. ఎడమకన్ను మూసి, ఊరి పక్క ఎండిన ఉప్పు బయలు అవతల రోడ్డు మీద పోయే లారీలు లెక్కపెట్టేవాణ్ణి. జూన్‌లో లారీలు కనిపించాయి. ఆగస్టులో ఎండ తెరలు లేస్తున్నాయి కాబట్టి లారీలు లెక్కలోకి రావనుకుని, పక్క తోటలో చెట్ల మట్టలు లెక్కపెట్టాను. సెప్టెంబరులో మట్టలు వదిలేసి, నా చేతి వేళ్లు చూసుకున్నాను. వేళ్లు అయిదూ ఉన్నాయి. అమ్మయ్య అనుకుని దిగేవాణ్ణి. నిచ్చెన మెట్లలా పరీక్ష కిందికి దిగుతోందని నాకు తెలుసు. ఆ భయం ఎక్కువైన రోజున తోజర్ బస్సు వెళ్లేదాకా తోటలోంచి బయటికి వచ్చేవాణ్ణి కాదు.

నవంబరులో కోత. మంచి రకం కాయ కింద పడితే నలిగిపోతుంది, అందుకని మేం మాను పొడుగునా ఒకరి కింద ఒకరం నిలబడి గెలను చేతి నుంచి చేతికి దించుతాం. పైన కోసేది నేను. నా కింద తిజానీ, వాడి కింద ఇంకో ముగ్గురు. మూడో చెట్టు మీద ఉండగా కుడికంట్లో ఒక నల్లటి దారం వేలాడింది. పీచు అనుకుని తుడిచాను. దారం కదిలింది, తుడిచినా పోలేదు. ఇంకోటి, ఇంకోటి. తర్వాత మసి పొగలా అంతా కమ్ముకుంది. చేతిలో పది కిలోల గెల. కింద చెయ్యి ఉందనుకున్నచోట వదిలాను. అక్కడ చెయ్యి లేదు.

గెల తిజానీ భుజాన్ని రాసుకుంటూ వెళ్లి నేల మీద పగిలింది.

"తాగొచ్చావా బావా? తల పగలగొట్టేవాడివి!"

"తిజానీ, నన్ను దించు," అన్నాను. ఒక్కో అడుగూ వాడే నా మడమ పట్టుకుని పెట్టించాడు.

తోజర్‌లో అదే డాక్టరమ్మ. చుక్కలు వేసింది. చేదు నిజంగానే గొంతులోకి వచ్చింది. ఆ ఒక్క మాటలో తిజానీ అబద్ధం చెప్పలేదు.

"కుడికంట్లో కొత్తగా మొలిచిన పిచ్చి నాళాలు పగిలి రక్తం నిండింది. వెనక పొర కూడా లేచిపోయింది బాబాయ్. స్ఫాక్స్ పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేస్తారు కానీ ఆశ పెట్టుకోవద్దు. ఎడమకంట్లోనూ అవే పిచ్చి నాళాలు పెరుగుతున్నాయి, ఇంకా పగల్లేదు. దానికి ఇవాళే లేజర్ మొదలుపెడతాను."

"మార్చిలో వచ్చి ఉంటే?"

ఆమె మిషన్ నా ఎడమకంటి వైపు తిప్పింది. "మార్చిలో రెండు కళ్లకీ లేజర్ పెట్టేదాన్ని," అంది.

స్ఫాక్స్ వెళ్లొచ్చాక కుడికంటికి పగలో రాత్రో తెలుస్తుంది, అంతే. ఒక శుక్రవారం ఇమాం దగ్గరికి వెళ్లి కూర్చుని చుక్కల సంగతి చెప్పాను.

"సూది వేసుకునే మనిషివి, నీకు ఉపవాసమే తప్పనిసరి కాదు," అన్నాడాయన. "రోజుకొక పేదవాడికి అన్నం పెడితే సరిపోయేది. కంట్లో చుక్కతో ఉపవాసం చెడుతుందని ఎవరు చెప్పారు నీకు?"

"తిజానీ."

"తిజానీ ఏం చదివాడు?"

"ట్రాక్టర్ నడుపుతాడు."

అటునుంచి అటే తిజానీ ఇంటికి వెళ్లి, నా కన్ను నువ్వే తీశావన్నాను. వాడు టీ గ్లాసు కింద పెట్టాడు.

"సరదాకన్నాను బావా. నువ్వు లేచిపోతావని నాకేం తెలుసు?"

ఇప్పుడు ఒక్కరోజు కూడా సూది మానను. రంజాన్‌లో తలుపు మూసుకుని తింటాను. నాలుగు నెలలకోసారి తోజర్‌లో ఎడమకంట్లో చుక్కలు వేయించుకుంటాను. తెల్లారగానే కళ్లు తెరవడానికి భయం. ముందు గది పైకప్పు కనపడాలి, తర్వాత కప్పులో దూలాలు, తర్వాత దూలానికున్న చీలిక. చీలిక కనపడేదాకా మబ్రూకా పలకరించినా పలకను.

ఒంటికన్ను మనిషికి దూరం దగ్గర తెలియదు. మట్ట అందిందనుకుని గాలిని పట్టుకుంటాడు. నా కింద నిలబడడానికి ఎవరూ రారు, రమ్మని నేనూ అనను. మనుషుల్ని పెట్టి ఎక్కిద్దామంటే స్ఫాక్స్ ఖర్చులు ఇంకా తీరలేదు. మొన్న ఫిబ్రవరిలో, పూత విచ్చకముందే, మా నాన్న నాటిన పడమటి తోట ముక్క తోజర్ వ్యాపారికి అమ్మి రాసిచ్చాను. కాపుకొచ్చిన చెట్లు ఇరవై తొమ్మిది, పిల్ల చెట్లు ఎనిమిది, మొత్తం ముప్పై ఏడు, వాటితోపాటు ఊరి కాలువ నుంచి వారానికి గంటా నలభై నిమిషాల నీటి వంతు.