క్యాంపు పేరు పెట్టిన చోటు

2009 అక్టోబరులో తుంగభద్ర అలంపూరును ముంచిన వారమది. హైదరాబాదులో రైల్స్‌తో ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నానన్న గర్వం నాకు నెత్తికెక్కి ఉండేది. గద్వాలకు పోయి, క్యాంపుల్లో ఉన్నవాళ్ల పేర్లు ఎక్కించడానికి రెండు రోజుల్లో ప్రోగ్రాం రాసిచ్చాను. అక్కడి సహాయ కేంద్రంలో పేర్లు కొట్టేది ఇద్దరు: ఒక కంప్యూటరు ముందు నిరోష, ఇంకోదాని ముందు షాజియా. ముందు క్యాంపు ఎంచుకోవాలి, ఆ తర్వాత ఫోనులో వినిపించే పేర్లు కొట్టుకుంటూ పోవాలి. నిరోషది గద్వాల బడి క్యాంపు, షాజియాది వనపర్తి క్యాంపు.

అప్పటిదాకా నిరోష రాసుకుంటున్న నోటుబుక్కును నేనే పక్కన పెట్టించాను. "కాగితం తప్పు చెప్తది, గిది చెప్పదు" అని కోతలు కూడా కోశాను.

మూడో రోజు అలంపూరు నుంచి మెహబూబీ వచ్చింది. నీళ్లలోంచి తెచ్చేటప్పుడు ఆమెను ఒక పడవలో, భర్త అబ్దుల్ రహమాన్‌ను ఇంకో పడవలో ఎక్కించారట. మళ్లీ కలవలేదు. ఆయన షుగరు గోళీలు ఆమె సంచిలోనే ఉండిపోయాయి. పేరు వెతికితే వనపర్తి అని వచ్చింది.

"అల్లా నిన్ను సల్లగ సూడాలె, ముదస్సిర్ బేటా" అని నా గడ్డం పట్టుకుని, బస్సెక్కింది.

వనపర్తిలో ఆయన లేడు. రెండు రోజులు అక్కడే వెతుక్కుని తిరిగొచ్చేసరికి తెలిసింది, ఆయన మొదటి నుంచీ మాకు నాలుగు వీధుల అవతల గద్వాల బడిలోనే ఉన్నాడు. గోళీలు లేక కళ్లు తిరిగి పడిపోతే దవాఖానలో చేర్చారు.

మెహబూబీ నేరుగా నిరోష దగ్గరికి వచ్చింది. "గద్వాల మనిషిని వనపర్తిల ఎట్ల రాసినవే?"

"గద్వాలే పెట్టిన అనుకున్ననమ్మా... నాదే తప్పు." నిరోష ఏడుస్తోంది.

"పోరడు గింత మంచిగ చేసిచ్చిండు. నువ్వు జర సూసి కొట్టొద్దా?"

వాళ్లు మాట్లాడుతుండగానే నేను రాసిన ప్రోగ్రాం తెరిచి చూశాను. నిరోష గద్వాలే పెట్టింది. క్యాంపు పేరు ఎవరిది వాళ్ల దగ్గరే ఉండాలి. ప్రతిచోటా దాన్ని అందించడానికి బద్ధకించి, cattr_accessor అనే ఒక్క లైను రాసి, ప్రోగ్రాంలో అందరికీ ఉమ్మడిగా ఉండే క్లాసు మీదే పెట్టేశాను. ఇద్దరికీ చెరో పలక ఇవ్వాల్సింది పోయి, గోడకు ఒకే బోర్డు వేలాడదీశాను. షాజియా వనపర్తి అని పెట్టగానే, నిరోష కొట్టే పేర్లు కూడా వనపర్తిలోకే పోయాయి. నా గదిలో ఒక్కడినే కూర్చుని పరీక్షించుకున్నప్పుడు ఇది బయటపడలేదు.

చెప్పడానికి మెహబూబీ, నిరోష ఇద్దరూ ఎదురుగానే ఉన్నారు. నేను తల దించుకున్నాను. ఆ సాయంత్రం ఎవరికీ చెప్పకుండా సరిచేశాను. సిగ్గులేనివాణ్ని, మార్పుల చిట్టాలో "చిన్న మార్పు" అని రాసుకున్నాను.

పేర్లన్నీ నిరోషే మళ్లీ మొదటి నుంచి కొట్టింది. కంప్యూటరుకు గద్వాల అని చీటీ అంటించుకుంది. పేరు పేరుకూ దాని మీద వేలు పెట్టి, పైకి చదివి, అప్పుడు కొట్టేది. అవసరం లేదని చెప్పాలంటే ఎందుకు లేదో కూడా చెప్పాలి.

"ఇప్పుడు మంచిగ కొడుతున్ననా, సార్?" అని అడిగింది.

"ఆ, మంచిగనే కొడుతున్నవ్" అన్నాను.