ఫోటో వెనక గురగుర

వసోంగా ఇంటి ఆవరణలోని మెకానిక్ షెడ్డు గేటు బయట, ఎర్రమట్టి రోడ్డు మీద నిలబడి అపోండి పళ్ళు పటపటా కొరుకుతోంది. లోపల స్టాండు వేసి ఉన్నది ఆమె మొగుడి మోటారుబండి. మొగుడు ఒగోలా పోయి ఇంకా రెండు నెలలు కాలేదు. విధవకు జరగవలసిన తంతు జరిగేదాకా ఆమె పరాయి వాకిట్లో కాలు పెట్టకూడదు. పెడితే ఆ ఇంటికి అరిష్టమట. బండి మాత్రం నిక్షేపంగా లోపలికి పోవచ్చు. బాగుంది వరస!

"ఇంకోసారి కొట్టన్నా కిక్కు!" అని గేటు మీంచి అరిచింది.

వసోంగా కిక్కు కొట్టాడు. ఇంజను అందుకుంది, దాంతోపాటే ఆ పాడు చప్పుడూ అందుకుంది. గుర్ర్... గుర్ర్... రేజ్ చేసినకొద్దీ పెరుగుతోంది. హెడ్‌లైటు ఎర్రగా మిణుకుమంటోంది. హారన్ నొక్కితే ముసలాడు దగ్గినట్టు దగ్గి ఊరుకుంది. కొత్త బ్యాటరీ వేయించి వారం తిరగలేదు, అప్పుడే చచ్చింది.

"విన్నావా?" అన్నాడు ఒబియెరో. ఒగోలాకి అన్న అతను. పొద్దున్నుంచీ షెడ్డులో బల్ల మీద దర్జాగా కూర్చుని టీ తాగుతున్నాడు. "వాడే గొణుగుతున్నాడు. తన బండి ఇంకోళ్ళు ఎక్కడం వాడికిష్టం లేదు. అందుకే అమ్మేద్దాం అంటున్నా. కొనేవాడు మధ్యాహ్నం వస్తాడు."

"నేను అమ్మనన్నానుగా బావగారూ!"

"నీదేముందమ్మాయ్ అమ్మడానికి? వాడు నా తమ్ముడు."

అపోండికి ఒళ్ళు మండిపోయింది. సరస్సు ఒడ్డున చేపలెత్తుకుని సంతకు చేర్చాలంటే ఆమెకు ఆ రెండు చక్రాలే దిక్కు. నడపడం ఒగోలాయే నేర్పాడు. బండి పోయిందంటే పిల్లలు పస్తే, ఆ తర్వాత ఈ ఒబియెరో గుమ్మం ముందు చెయ్యి చాపడమే.

ఊరంతా ఒబియెరో మాటే నమ్మింది. నమ్మదూ మరి! చప్పుడు వచ్చేది ఇంజను ఎడమ పక్క కవరులోంచి. ఆ కవరు మీద ఒగోలా ఫోటో ఉంది. శవాన్ని ఇంటికి తెచ్చిన రోజున స్టాండులో అతనితోపాటు బాడుగకు మోటారుబండ్లు తోలేవాళ్ళంతా పోయినవాడి ఫోటో స్టిక్కర్లు అంటించుకుని, హారన్లు మోగిస్తూ, చెవులు చిల్లులు పడేలా రేజ్ చేస్తూ శవపెట్టె వెంట ఊరేగారు. ఒగోలా బండి ఒబియెరో నడిపాడు. మిగతావాళ్ళు ట్యాంకు మీద అంటించుకుంటే ఇతను మాత్రం మర్నాటికల్లా ఆ కవరు మీద, బోల్టుల తలలు కూడా మూసుకుపోయేంత పెద్ద ఫోటో అంటించాడు. తమ్ముడంటే ఎంత ప్రేమో అని ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. అపోండి అయితే రోజూ పొద్దున్నే ఆ ముఖాన్ని తడిగుడ్డతో తుడిచేది. ఈ మధ్య గడ్డం కింద నల్లగా ఆయిలు చెమ్మ కనిపిస్తోంది. ఏడుస్తున్నాడన్నారు జనం.

"చైను అయ్యుంటుంది చెల్లెమ్మా," అన్నాడు వసోంగా.

"బండి కదలకుండా చైను చప్పుడేమిటన్నా, నీ తలకాయ! క్లచ్ పట్టి చూడు."

పట్టాడు. చప్పుడు మారలేదు.

"పొడుగు స్క్రూడ్రైవర్ తీసుకుని మొన ఆ కవరుకి ఆనించు. పిడి చెవికి పెట్టుకో. ఆయన అలాగే వినేవాడు."

వసోంగా ఫోటో అంచు పక్కన భయంభయంగా ఆనించి విన్నాడు. ముఖం మారింది. "లోపలేదో గీరుకుంటోంది. కరెంటు పుట్టే కాయిలూ మ్యాగ్నెట్టూ అక్కడే ఉంటాయి."

"మరి విప్పవేం?"

"ఎలా విప్పను? ఫోటో చింపాలి. చచ్చినవాడి ముఖం మీద నేను పానా పెట్టనమ్మా. నాకూ పిల్లలున్నారు."

"ముట్టుకున్నావంటే మర్యాద దక్కదు!" ఒబియెరో గభాలున లేచాడు. టీ ఒలికింది.

ఓరి దేవుడా! బ్యాటరీలు మార్చారు, వైర్లు మార్చారు, ఫ్యూజులు మార్చారు. ఫోటోకి దణ్ణం పెట్టుకుని అందరూ పక్కకు తప్పుకున్నారే తప్ప ఆ ఒక్క కవరూ ఎవడూ విప్పలేదు!

అపోండి గేటు తోసుకుని లోపలికి వచ్చేసింది.

"అయ్యో, ఆగు చెల్లెమ్మా! నా ఇల్లు!" వసోంగా నెత్తి కొట్టుకున్నాడు.

ఆమె వినలేదు. బండి ముందు చతికిలబడింది. గోరు ఫోటో అంచు కింద దూర్చింది. ఒగోలా నవ్వుతున్న ఫోటో అది, పెళ్ళిలో తీసింది. కళ్ళు మూసుకుని ఒక్క గుంజు గుంజింది. ముఖం సగానికి చిరిగి చేతికొచ్చింది.

కింద కవరు పగిలి ఉంది. పగులు చుట్టూ నేల రాసుకున్న గీతలు. బంకమందు పూసి పైపైన మూశారు. ఆ సందులోంచే ఆయిలు కారుతోంది.

వసోంగా తనే పానా అందుకుని బోల్టులు విప్పాడు. లోపల మ్యాగ్నెట్టు ముక్క ఒకటి ఊడి, తిరిగినప్పుడల్లా కాయిలును గీరి, రాగి తీగను తెంపేసింది. "ఎడమ పక్కకి గట్టిగా పడింది బండి," అన్నాడు. "పడ్డాక కూడా చచ్చేట్టు రేజ్ చేశారు."

అపోండి లేచి నిలబడింది. "ఒగోలా ఏ రోజూ పడెయ్యలేదు. ఎవరు పడేశారు బావగారూ?"

ఒబియెరో టీ గ్లాసు బల్ల మీద పెట్టి అన్నాడు, "మీ గేటు దగ్గర... జారింది. పెట్టె ముందే. ఊరంతా చూస్తోంది. తమ్ముడి చావులో తమ్ముడి బండి పడేశాడంటే నా పరువేం కాను? అందుకే లేపి మళ్ళీ రేజ్ చేశా. రాత్రికి రాత్రి పగులుకి బంకమందు పూసి పైన ఫోటో అంటించా."

"నీ పరువు! నీ పరువు కోసం నా మొగుడు దయ్యమయ్యాడా? ఇన్నాళ్ళూ నా పిల్లలు నాన్న గొణుగుతున్నాడని జడుసుకుని పడుకున్నారు, తెలుసా నీకు? థూ!"

వసోంగా మూలన పడున్న పాత బండిలోంచి కాయిలూ మ్యాగ్నెట్టూ పీకి తెచ్చి బిగించాడు. కిక్కు కొట్టాడు. గురగుర లేదు. రేజ్ చేస్తే లైటు తెల్లగా వెలిగింది.

అపోండి బండెక్కింది. ఒబియెరో ముందుకొచ్చాడు. "విధవవై గేటు దాటావు. మొగుడి ముఖం చేజేతులా చింపావు. ఊరు నీ ముఖాన ఉమ్మేస్తుంది!"

ఆమె చేతిలో నలిగిన ఫోటో ముక్కను అతని చొక్కా జేబులో కుక్కింది.

"ఇది మళ్ళీ అతికించుకోండి బావగారూ. ఈసారి మీ ముఖం మీద."

గేటు దాటి రోడ్డెక్కాక హారన్ నొక్కింది. ఊరంతా వినేలా మోగింది.