గాజు తొట్టెలో గంగమ్మ

నేను ఒక తోకను. నవ్వకండి. కుక్కకో కోతికో పుట్టినదాన్ని కాను. చేపకు పుట్టానా అంటే అదీ లేదు. రాజమండ్రిలో నాటకాల బట్టలు కుట్టే శేషాచలం గారి మిషను మీద పుట్టాను. ఆయన జీవితమంతా హనుమంతులకు తోకలూ, రాజులకు జరీ అంగీలూ కుట్టిన మనిషి. ఆడమనిషి నడుముకు చేపతోక కావాలని వచ్చిన బేరం ఆయనకు అదే మొదటిది. ఈతబట్టల గుడ్డ మీద పచ్చటి తళుకు బిళ్లలు పొలుసుల్లా కుట్టి, అడుగున రెండు పాదాలూ కలిపి దూర్చుకునే రబ్బరు జోడూ, దానికో వెడల్పాటి ప్లాస్టిక్ రెక్కా అమర్చాడు. ఎత్తి పట్టుకుని చూసి మురిసిపోయాడు. నిజం చెప్పొద్దూ, నేనూ మురిసిపోయాను.

ఒక్కటే పొరపాటు చేశాడు. నాటకాల బట్టలకు ముడులెప్పుడూ వీపువైపే ఉంటాయి. బిగించడానికి తెర వెనక ఒక మనిషి ఉంటాడు, విప్పడానికీ ఉంటాడు. చేతికి అలవాటైన పని కనుక నాకూ వెనకవైపే, నడుము దగ్గర నుంచి కిందిదాకా తాడుతో బిగించే కంతలు పెట్టాడు. తొడుక్కున్న మనిషి చెయ్యి అక్కడికి అందదు. నీళ్లలో తెర వెనక అనేదొకటి ఉండదని పాపం ఆయనకెలా తడుతుంది?

నన్ను కొన్నది భూషణం గారు, ఊరూరా ఎగ్జిబిషన్లు పెట్టే ఆసామి. ఆ ఏడు కాకినాడలో జెయింట్ వీల్ పక్కన పెద్ద గాజు తొట్టె కట్టించి, అందులో జలకన్యను చూపిస్తానని ఊరంతా బోర్డులు వేయించాడు. మొదట నన్ను తొడుక్కున్నది ఎక్కడో దీవుల నుంచి వచ్చిన పరదేశపు అమ్మాయి. ఆమె నా తాళ్లు చూపించి, తల అడ్డంగా ఊపి, చేతులతో ఏదో గట్టిగా చెప్పింది. ఆ భాష అక్కడెవరికీ రాదు. నాకు అర్థమైంది కానీ నాకు నోరు లేదు. కొన్నాళ్లకు ఆమె వెళ్లిపోయింది. బోర్డులు మాత్రం అలాగే ఉన్నాయి.

అప్పుడు వచ్చింది నూకరత్నం.

జాలరిపేట మనిషి. ఉప్పుటేట్లో ఈదుతూ పెరిగింది. మొగుడు వేటకు వెళ్లి, ఒడ్డు కనబడుతుండగానే పడవ బోల్తాపడి పోయాడు. అత్త లోవమ్మ ఆ కడుపుకోతకు కోడల్నే తప్పు పట్టింది. మనవరాలు మంగను దగ్గరే ఉంచుకుని, కోడల్ని పుట్టింటికి పొమ్మంది. పుట్టింట్లో అన్నావదినలే ఒకరి మీద ఒకరు పడి బతుకుతున్నారు. పేట పెద్దలు కూర్చుని తీర్పు చెప్పారు. నిలకడైన పనీ, పిల్లను ఉంచుకోవడానికి ఒక గదీ చూపించగలిగితే మంగ తల్లిదట. లేకపోతే నాయనమ్మదట. ఎగ్జిబిషన్ ఎత్తేసేలోగా చూపించాలని గడువు కూడా పెట్టారు. పెద్దమనుషులు గడువులు పెట్టడంలో ఏనాడూ వెనకాడరు.

భూషణం గారూ ఒక మాట అన్నాడు. "చూడమ్మా, ఆ పరదేశపు పిల్ల చేసినవన్నీ నువ్వూ చేస్తే, నిన్ను శాశ్వతంగా పెట్టుకుంటాను. కంపెనీ క్వార్టర్లో గది కూడా ఇస్తాను. చెయ్యలేకపోతే మాత్రం నన్ననకూడదు."

"చేత్తానండి," అంది నూకరత్నం. ఏం చెయ్యాలో కూడా అడగలేదు.

ఆమెకు నేర్పడానికి సింహాచలం అనే ఆయన్ని పెట్టారు. ఒకప్పుడు రేవులో ఓడల అడుగున దిగి పనిచేసిన మనిషి. ఆమెను నాలోకి దూర్చి, వెనక తాళ్లు బిగించి, తొట్టె పైనున్న చెక్కల మీద నుంచి నీళ్లలోకి వదిలేవాడు. తొట్టె లోతు రెండు నిలువులు. అడుగున రంగు వేసిన సిమెంటు బండ ఒకటి, దాని వెనక దాచిన గాలి గొట్టం ఒకటి. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి పీల్చాలి, వదిలేసి వచ్చి విద్య చూపించాలి, ఊపిరి అయిపోయేలోగా మళ్లీ గొట్టం దగ్గరికి పోవాలి. చెప్పుకోవడానికి ఇంతే.

మొదటిరోజు నూకరత్నం నాలో కాళ్లు విడివిడిగా కొట్టబోయింది. ఏట్లో నేర్చిన ఈత మరి. నేను విడనివ్వను కదా. మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుని చర్మం లేచిపోయింది. పైకి తేలి దగ్గింది, కక్కింది. మళ్లీ దిగింది.

"కాళ్లున్నాయన్న సంగతి మర్సిపో అమ్మా," అనేవాడు సింహాచలం. "రొమ్ము కాడ మొదలెట్టు. అక్కణ్ణించి నడుం, నడుం నించి తోక. కెరటం వచ్చినట్టు రావాలి."

ఆ కెరటం రావడానికి ఆమె పడిన పాట్లు నాకు తెలుసు. ఆమె తొడల వణుకు నాకు తెలుసు, గుండె దడ నా గుడ్డలోకి తెలిసేది. ఉప్పుకు అలవాటైన కళ్లు తొట్టెలో మందు కలిపిన నీళ్లకు ఎర్రబడి వాచిపోయేవి. అయినా కళ్లు తెరిచే ఉంచాలి, పైగా నవ్వాలి. నీళ్లలో నవ్వితే ముక్కులోకి నీళ్లు పోయి నడినెత్తి దాకా మంట పుడుతుంది. డేరాలో కూర్చుని పల్లీలు తినే జనం నవ్వు లేకపోతే ఒప్పుకోరు.

వెనక్కి పల్టీ నేర్చుకుంది. తలకిందులుగా నిలబడి రెక్క ఊపడం నేర్చుకుంది. గాలి ఉంగరం ఒక్కటే రాలేదు. వెల్లకిలా పడుకుని నోట్లోంచి గాలి వదిలితే గుండ్రటి ఉంగరంలా పైకి తేలాలి. ఎన్నిసార్లు వదిలినా బుడబుడమని చెదిరిపోయేది. ఒకరోజు తొట్టె గట్టుమీద కూర్చుని ఏడ్చేసింది.

"నా వల్ల కాదు బాబాయ్. ఇంక నా పిల్ల నాకు దక్కదు."

సింహాచలం బీడీ ముట్టించాడు. ఆ పొగ చూస్తూ ఆమె ఏడుపు ఆపింది. మొగుడు బతికున్నప్పుడు మంగ నవ్వాలని బీడీ పొగతో సున్నాలు వదిలేవాడట. పెదాలు ఎలా పెట్టేవాడో, గొంతులోంచి గాలిని ఎలా కొట్టేవాడో తలుచుకుని నీళ్లలోకి దిగింది. ఆ పూట నా మీదుగా ఒక ఉంగరం, వెండిలా మెరుస్తూ, చెదరకుండా పైదాకా వెళ్లింది. నాలో ఉన్న రెండు కాళ్లూ చిన్నపిల్ల కాళ్లలా కొట్టుకున్నాయి.

అక్కడితో అంతా సవ్యంగా జరిగిపోవలసిందే. కానీ ఆట మొదలైన కొన్నాళ్లకు ఒక ముసలావిడ గాజు ముందు నిలబడి, చెప్పులు విడిచి, చేతులు జోడించింది. ఆమెను చూసి పక్కనున్నవాళ్లూ జోడించారు. భూషణం గారు మైకు దగ్గరే ఉన్నాడు. మర్నాటి నుంచి మైకులో జలకన్య అన్న మాట వినబడలేదు. "గంగమ్మ తల్లి! కళ్లారా చూడండి, తరించండి!" అని అరిచేవాడు. ఇంక చూడండి, జనం పసుపూ కుంకుమా పట్టుకొచ్చారు. నిచ్చెనెక్కి వచ్చి తొట్టెలో పసుపు చల్లారు, పూలు వేశారు. ఒకామె గంగమ్మకు మొక్కుకున్న చీర తెచ్చి నీళ్లలో వదిలింది. అది ముడత విచ్చుకుంటూ మెల్లగా కిందికి దిగింది.

సింహాచలం దాన్ని పైకి లాగి పిండాడు. "నీళ్లలో గుడ్డ వెయ్యనివ్వకండి బాబూ, కాళ్లకి చుట్టేత్తాది," అన్నాడు.

"భక్తుల్ని కాదంటే బాగుండదయ్యా. అయినా అమ్మవారికి ఏమవుతుంది?" అన్నాడు భూషణం గారు.

నేను విస్తుపోయాను. గంగమ్మను మైకులో పుట్టించినవాడే గంగమ్మను నమ్మడం మొదలుపెట్టాడు! మనుషుల్లో ఈ చిత్రం ఒకటుంది. తాము కట్టిన కథకు ముందుగా తామే మొక్కుతారు.

ఆఖరి రోజు వచ్చింది. పేట పెద్దలు వచ్చారు. చేపల బజారు నుంచి నేరుగా వచ్చిన లోవమ్మ తట్ట బయట దించి, పొలుసు తీసే చాకు మాత్రం బొడ్లో దోపుకుని, మంగను చంకనెత్తుకుని వచ్చి గాజుకు దగ్గరగా నిలబడింది. డేరా పట్టనంత జనం. గేటు దగ్గర తోపులాట అవుతోందని భూషణం గారు సింహాచలాన్ని అక్కడికి పంపేసి, తానే చెక్కల మీద నిలబడి మొక్కుబడులు అందుకున్నాడు.

నూకరత్నం ఆ రోజు చేసినట్టు ఎన్నడూ చెయ్యలేదు. కెరటంలా వచ్చింది, పల్టీ కొట్టింది, తలకిందులుగా నిలబడింది. గాజు ముందుకు వచ్చి వెల్లకిలా తిరిగి ఉంగరం వదిలింది. అవతల మంగ చెయ్యి చాపి ఆ ఉంగరంలో వేలు దూర్చబోయింది. వాళ్ల నాన్న సున్నా కదా, గుర్తుపట్టింది. నూకరత్నం నవ్వింది. కూలికి నవ్విన నవ్వు కాదది. నాకు ఆ తేడా తెలుసు.

అదే సమయంలో పైనుంచి ఎవరో చీర వదిలారు. ఎర్రంచు పట్టుచీర. పసుపు కలిసి నీళ్లు అప్పటికే చిక్కబడ్డాయి. గాలి కోసం బండ వైపు తిరిగిన నూకరత్నానికి అది కనబడలేదు. నా రెక్కకు ఒక చుట్టు చుట్టుకుంది. రెండో కొస బండ మొనకు తగులుకుంది. ఆమె ముందుకు తోసింది. చీర బిగిసింది. గొట్టం అక్కడే ఉంది, చెయ్యి చాపినా ఇంకో జానెడు దూరంలో.

వంగి రెక్క దగ్గర చీరను లాగింది. పట్టుచీర, తెగుతుందా! నా వెనక తాళ్ల కోసం వీపు వెనక్కి చేతులు తిప్పింది. వేళ్లు నా కంతల అంచు దాకా వచ్చి ఆగిపోయాయి. నేను వదులవ్వాలని ఎంత కోరుకున్నానో మీకు చెప్పలేను. శేషాచలం గారి బిగింపు గట్టిది. ఆమె నడుమునీ కాళ్లనీ కరిచి పట్టుకున్నది నేనే. ఆమెను చంపుతున్నదీ నేనే. అరవడానికి నోరు లేదు, విడవడానికి చేతులు లేవు. నాలో ఆమె గుండె దబదబా కొట్టుకుంటోంది.

ఆమె తల అటూ ఇటూ విసిరింది. జుట్టు విడిపోయి నీళ్లంతా పరుచుకుంది. చేతులు గాజును కొట్టాయి. ఆ కొట్టుడుకు ఎవరన్నా పరుగెత్తుకొస్తారనుకున్నాను.

"పూనకం! అమ్మవారు పూనింది!" అని ఎవరో అరిచారు.

అంతే. డేరా అంతా చేతులు జోడించింది. డప్పు మోగింది. గాజుకు అవతల హారతి వెలిగింది. పేట పెద్దలు తువ్వాళ్లు నడుముకు చుట్టుకుని వంగి దండాలు పెట్టారు. పైన భూషణం గారి కళ్లవెంట నీళ్లు ధారగా కారుతున్నాయి, చేతులు నెత్తిమీదికి లేచాయి. అంత భక్తి మధ్య ఒక ఆడమనిషి ఊపిరాడక చచ్చిపోతోంది, నాకు తప్ప ఎవరికీ తెలియదు.

లేదు, ఇంకొకరికి తెలిసింది. లోవమ్మకు ఏటా జాతరలో పూనకం వస్తుంది. పేట పేటంతా ఆమె ముందు నిలబడి అమ్మను అడుగుతుంది.

"అది పూనకం కాదురా!" అని ఆమె వేసిన కేక డప్పును దాటి నాకు వినబడింది. "అమ్మోరొత్తే ఊపిరి ఎక్కువొత్తాది. దానికి ఊపిరే లేదురా! సచ్చిపోతందిరా!"

"ఊరుకో లోవమ్మా, అపచారం," అన్నాడు ఒక పెద్ద.

మంగను అతని చేతిలో పడేసి ఆమె నిచ్చెనెక్కింది. దండం పెడుతున్న భూషణం గారిని పక్కకు నెట్టేసింది. చీర గోచీ బిగించి, చాకు పళ్ల మధ్య పెట్టుకుని దూకింది. పసుపు నీళ్లలో తడుముకుంటూ వచ్చి నన్ను పట్టుకుంది. చుట్టుకున్న చీరతో ఒక్క క్షణం పెనుగులాడింది. అది లాభం లేదని తెలుసుకుని, చేపను కోసే మనిషి కనుక నన్నే కోసింది. ఎడమ పక్కన, నడుము నుంచి కింది దాకా, ఒకే పెట్టున. నా తళుకు బిళ్లలు రాలి నీళ్లంతా చెదిరాయి. నొప్పి అంటారే, అది నాకు తెలియదు. కానీ ఆ కోతలోంచి రెండు కాళ్లు బయటికి వెళ్లిపోయినప్పుడు నాకు కలిగినంత సంతోషం పుట్టినప్పుడు కూడా కలగలేదు.

జనం గాజులోంచి రెండు కాళ్లు చూశారు. డప్పు ఆగిపోయింది. "ఛీ, మనిషే!" అన్నాడొకడు. హారతి పళ్లెం పట్టుకున్న ఆవిడ దాన్ని ఏం చెయ్యాలో తోచక ఊది ఆర్పేసింది.

చెక్కల మీద నూకరత్నం నీళ్లు కక్కుతూ ఉంటే లోవమ్మ వీపు మీద గుద్దుతూ తిట్టింది. తిడుతూనే ఏడ్చింది. "నా కొడుకు కొట్టుకుంటా ఉంటే ఒడ్డున నిలబడి మొక్కుతానే ఉన్నానే నేను! చేతులు జోడించి మొక్కుతానే ఉన్నాను! దిగితే దక్కేవోడేమోనే!"

నూకరత్నం మాట పెగిలింది. "పిల్ల... అత్తా... పని పోయింది... పిల్లని నాకియ్యరు..."

మంగను ఎత్తుకుని నిచ్చెనెక్కి వచ్చిన పెద్ద గొంతు సవరించుకున్నాడు. లోవమ్మ అతని వైపు తిరిగింది. చాకు ఇంకా చేతిలోనే ఉంది. "తల్లీ పిల్లా ఇద్దరూ నా ఇంటికే వత్తారు. రేపణ్ణించి నాతోపాటు తట్ట ఎత్తుద్ది. తీర్పు సెప్పేవోడెవడన్నా ఉంటే ఇప్పుడు సెప్పండి."

ఆ పెద్ద మంగను కిందికి దించాడు. మంగ వచ్చి తల్లి పాదాలు పట్టుకుని చూసింది. వేళ్లన్నీ ఉన్నాయో లేవో ఒక్కొక్కటే ముట్టుకుంది. తరవాత ముగ్గురూ వెళ్లిపోయారు. నేను తొట్టె అడుగున, ఆ పట్టుచీర పక్కన ఉండిపోయాను.

ఇంక నా గతి తుక్కు దుకాణమే అనుకున్నాను. కోరుకున్నాను కూడా. అలా జరగలేదు. భూషణం గారు కొన్నాళ్లు దిగులుగా తిరిగాడు. గంగమ్మ పోయిందనే ఆయన బాధ. ఆ తరవాత నన్ను శేషాచలం గారి దగ్గరికి పంపాడు. ఆయన ముక్కు మీదికి కళ్లద్దాలు జార్చుకుని, "ఎవరు కోశారో గాని నిట్టనిలువునా కోశారే," అనుకుంటూ ఆ కోత వెంబడి కుట్టాడు. కొత్త బిళ్లలు అతికించాడు. తాళ్లు మళ్లీ వెనకే.

ఇప్పుడు ఇంకో ఊరు. అదే తొట్టె, అదే బండ. పొద్దున ఒక అమ్మాయి వచ్చి చెక్కల మీద నిలబడింది. మెడలో పసుపుతాడు, కళ్లలో నిద్రలేమి. ఎవరి కోసం వచ్చిందో ఇంకా తెలియదు. "అంత బాగా ఈత రాదండి, నేర్చుకుంటాను," అంది. నన్ను ఆమె కాళ్లకు తొడిగారు. తాళ్లు బిగిస్తున్నారు.

వయసుతో శేషాచలం గారి చూపు మందగించింది. ఆ కోత వెంబడి కుట్లు దూరదూరంగా, వదులుగా పడ్డాయి. నా పుట్టుకలో నోరూ లేదు, చేతులూ లేవు. ఆ వదులు కుట్లు మాత్రం ఉన్నాయి. అమ్మా, ఎవరివో ఏమో, ఊపిరి అందకపోతే వీపు వెనక తాళ్ల కోసం వెతకకు. ఎడమ పక్క మోకాలితో గట్టిగా తన్ను. నేను చిరిగిపోతాను.