చీపురుపుల్లలు

"ఒసే గౌతమీ, వంకాయలు తరగడం అయితే ఆ రియాక్టర్‌కి కాస్త రంగు కూడా ఏసెయ్," అన్నాడు ఉమామహేష్, పేపరు దించకుండానే.

రియాక్టరంటే అణు రియాక్టర్ బొమ్మ: ఓ థర్మోకోల్ పెట్టె, అందులో నిలువుగా గుచ్చిన చీపురుపుల్లలు. చోడవరంలో ఓ ప్రైవేటు కాలేజీలో అతను ఫిజిక్స్ లెక్చరర్. ఆ మధ్యాహ్నం కాలేజీ కరస్పాండెంట్ బంగార్రాజు భోజనానికి వస్తున్నాడు. ఆయనకి బొమ్మ చూపించి మెప్పు కొట్టెయ్యాలని ఆశ. బొమ్మ కట్టింది గౌతమి. దాని పక్కన నిలబడి అతను చెప్పాల్సిన పాఠం రాసిచ్చిందీ గౌతమే. అతనికి కలలో కూడా రాని మార్కులతో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ప్యాసైంది. పెళ్ళైన కొత్తలో ఉద్యోగం మాటెత్తితే, "ఈ ఇంటికి దీపానివి నువ్వే కదమ్మా," అంది అత్తగారు నరసమ్మ. నూనె తనది, వెలుగు వాళ్ళదీ అని తెలియడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. చారులో ఉప్పు తక్కువైతే మాట, పక్కింటావిడతో నవ్వితే మాట. అన్నీ మింగింది. మింగినకొద్దీ మంచి కోడలన్న పేరొచ్చింది. కుక్కకైనా అంతకంటే మంచి పేరే పెడతారు.

భోజనాల దగ్గర ఉమామహేష్ ఎంగిలిచేత్తోనే బొమ్మ చూపిస్తూ పాఠం మొదలెట్టాడు. "న్యూట్రానొచ్చి తగిల్తే యురేనియం కేంద్రకం రెండు ముక్కలైపోద్దండి. బోలెడు వేడి పుడతాది, రెండో మూడో కొత్త న్యూట్రాన్లొస్తాయి. అవెళ్ళి పక్కవాటిని సీలుస్తాయి. ఆ వేడికి నీళ్ళు మరిగి, ఆవిరికి టర్బైను తిరిగితే కరెంటు. మన సుగర్ ఫ్యాక్టరీలో చెరకుపిప్పి కాల్చి ఆవిరి తీస్తారు కదండీ, అలాగే. పొయ్యే వేరు."

"మరి ఈ సీపురుపుల్లలేటి?" అన్నాడు బంగార్రాజు.

"కంట్రోల్ రాడ్లండి. ఎక్కువైన న్యూట్రాన్లని మింగేస్తాయి. లేపోతే కొంప కొల్లేరే." పెళ్ళాం వైపు చూసి ఇకిలించాడు. "మాయావిడ లాగన్నమాట. ఎన్నన్నా మింగేస్తాది. అందికే ఇల్లు సల్లగుంది."

నరసమ్మ కిసుక్కున నవ్వింది. గౌతమి మొగుడి మూతికి అంటిన పప్పుని చూసింది. కోపం రాలేదు. కోపం రావడానికైనా ఎదటివాడిలో కాస్త సరుకుండాలి.

"అన్నట్టు, ఈవిడా ఎమ్మెస్సీయేనట కదా," అన్నాడు బంగార్రాజు. "ఆడపిల్లల సెక్షన్‌కి మేడం కావాలి. సోమారం నించి పంపుతారేటి?"

"దానికేం తెల్సండీ?" అన్నాడు ఉమామహేష్. "పాఠం సెప్పడమంటే వంకాయకూర వండినంత సుళువేటండి?"

గౌతమి సాంబారు గిన్నె కింద పెట్టింది. బొమ్మలోని చీపురుపుల్లల్ని పట్టుకుని వేలెడు పైకి లాగింది.

"ఈయన సగమే చెప్పేరండి. వీటిని అడుగుదాకా దించి ఉంచేస్తే చీలడం ఆగిపోద్ది. చల్లగానే ఉంటాది, కరెంటు మాత్రం రాదు. వెలుగు కావాలంటే కొంత పైకి లాగాలి. సోమవారం ఎన్నింటికి రమ్మంటారు?"

నరసమ్మ నవ్వు ఆగిపోయింది. "మరి వంటో?"

గౌతమి గరిటె తీసి మొగుడి కంచం పక్కన పెట్టింది.

"సుళువేనని ఈయనే అన్నారు కదత్తయ్యా."